సగం జడ

మార్చి 5, బుధవారం

ఈరోజు నుంచి లెంట్, ఈస్టర్‌కి ముందు నలభై రోజుల శ్రమల కాలం. భస్మ బుధవారం ఆరాధనలో ప్రేమదాసు అయ్యగారు ఈసారి మాంసం మానేస్తాం, టీవీ మానేస్తాం అనే మాటలు వద్దన్నారు. ఈస్టర్ దాకా ఒక్కొక్కరు ఒక్కో గుణం పట్టుకుని రోజూ సాధన చెయ్యమన్నారు. ఇంట్లో ఉన్నా, పొలంలో ఉన్నా, బడిలో ఉన్నా అదే పని. ఎవరికీ చెప్పక్కర్లేదు, చేస్తే చాలు.

నేను తగ్గింపు ఎంచుకున్నాను, అంటే అణకువ.

కష్టమైనదే ఎంచుకున్నానని తెలుసు. హైస్కూల్లో లెక్కలు చెబుతాను. గుడిలో క్వయర్ నడుపుతాను. స్త్రీల సమాజానికి సెక్రటరీని. ఈ ఊళ్ళో నన్ను స్తుతి అని పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ, టీచరమ్మ అనేవాళ్ళే ఎక్కువ. అలాంటి మనిషి తగ్గాలంటే ఒక ప్లాన్ ఉండాలి. పట్టుకున్న పని మధ్యలో వదిలేయడం నాకు అలవాటు లేదు. ఈస్టర్ నాటికి తగ్గి చూపిస్తాను.

మార్చి 7, శుక్రవారం

స్టాఫ్ మీటింగులో నోరు విప్పలేదు. నాకు ఒంట్లో బాగాలేదనుకున్నారు.

మార్చి 9, ఆదివారం

గుడిలో వెనక వరసలో, చెప్పులు విడిచే గుమ్మం పక్కన కూర్చున్నాను. విందుకు పిలిస్తే కడపటి చోటు చూసుకోమన్నాడు కదా ప్రభువు. అయ్యగారు ప్రకటనలు ఆపి మరీ, టీచరమ్మగారూ ముందుకు రండి అన్నారు. ఫర్వాలేదండి అన్నాను. మళ్ళీ పిలిచారు. తలలన్నీ వెనక్కి తిరిగాయి. అప్పుడు లేచి, కుచ్చిళ్ళు సర్దుకుని నడిచాను. ఆ గుమ్మం నుంచి ముందు వరస దాకా నేను ఎప్పుడూ అంత బాగా నడవలేదు. ఇక్కడ దాచేదేముంది, బాగుంది.

ఆరాధన అయ్యాక క్వయర్ ప్రాక్టీసు. ఈస్టర్ తెల్లవారుజామున సమాధుల దగ్గర పాడే పాట ఏటా నాదే. మొదటి చరణం నేనొక్కదాన్నే ఎత్తుకుంటాను, తర్వాత అందరూ కలుస్తారు. ఈ సంవత్సరం నేను ఎత్తుకోను, శాంతి ఎత్తుకుంటుంది అని చెప్పాను. శాంతి నర్సింగ్ చదువుతున్న పిల్ల. గొంతు సన్నమే కానీ శృతి తప్పదు. అందరూ చప్పట్లు కొట్టారు. స్త్రీల సమాజంలో పెద్దామె వీరమ్మగారు నా బుగ్గలు పుణికి, ఇంత తగ్గింపు మా అత్తల కాలంలో కూడా చూడలేదమ్మా అంది.

రెబెకా చప్పట్లు కొట్టలేదు. రెబెకా నా ఆడపడుచు, మా ఆయన కరుణాకర్‌కి చెల్లెలు. పాటల కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుంది. గేదెకి నీళ్ళు పెట్టాలని చెప్పి వెళ్ళిపోయింది.

మార్చి 11, మంగళవారం

పాట వదులుకున్న సంగతి హెడ్మాస్టరుగారి దాకా వెళ్ళింది. పొగడబోతే ఆపేశాను. ఆపిన తీరు ఆయనకి ఇంకా నచ్చింది.

మార్చి 14, శుక్రవారం

రెబెకా ప్రాక్టీసుకి రాలేదు. ఫోన్లో కరుణాకర్‌కి చెప్పాను. ఆ పాట దానికి ప్రాణం కదా, కోతల్లో పొద్దస్తమానం అదే పాడుతుంది, నీకు తెలియదా అన్నాడు.

తెలుసు. మిరప చేను పక్కనుంచి వెళ్తుంటే వినపడుతుంది. కానీ రెబెకాకి ఇస్తే సొంత ఆడపడుచుకి ఇచ్చుకుందంటారు. అది ఒక కారణం. రెండోది, రెబెకాకి శృతి నిలవదు. మొదలుపెట్టడమే ఆకాశంలో మొదలుపెడుతుంది. న్యాయంగానే చేశాను.

మార్చి 18, మంగళవారం

ఎడమ చేత్తో రాస్తున్నాను. కుడి మణికట్టు విరిగింది. పిండికట్టు.

మార్చి 19, బుధవారం

జడ వేసుకోలేను.

మార్చి 22, శనివారం

ఎడమ చెయ్యి కొంచెం దారిలోకి వచ్చింది. అక్షరాలు మాత్రం ఒకటో తరగతి పిల్లవి.

మొన్న ఆదివారం ఆరాధన అయ్యేసరికి పడమట మబ్బు లేచింది. కల్లంలో మా మిరపకాయ అంతా ఆరబోసి ఉంది. ఎండిన కాయ తడిస్తే రంగు పోతుంది, ఇక గుంటూరు యార్డులో ఎవరూ దాని వంక చూడరు. కరుణాకర్ ఊళ్ళో లేడు. గుంటూరులో ఒక కోల్డ్ స్టోరేజీకి సూపర్‌వైజరు, ఈ సీజనులో లారీలు బారులు కడతాయి, వారానికి ఒకసారి వస్తే గొప్ప. గుడి చీరతోనే కల్లం దగ్గరికి పరుగెత్తాను.

నేను వెళ్ళేసరికే రెబెకా, వీరమ్మగారు, కోతల ముఠా ఆడవాళ్ళు కాయని పోగు చేస్తున్నారు. ఎవరూ పిలవలేదు. మబ్బు చూసి వచ్చేశారు. నేను కాయ మీద కప్పే టార్పాలిన్ పట్టా కొస అందుకున్నాను. అటు లాగండి, ఇటు కాదు, వీరమ్మగారూ మీరు పక్కకి జరగండి అంటూ వెనక్కి నడిచాను. ఎండు మిరపకాయ మీద చెప్పు నిలవదు. అది ఈ ఊళ్ళో పసిపిల్లలకి కూడా తెలుసు. అందరూ చూస్తుండగా వెల్లకిలా పడ్డాను.

లేవదీసింది రెబెకా. గుంటూరు దాకా ఆటోలో నా చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నేనే ఉండబట్టలేక కాయ సంగతి అడిగాను. కప్పేశారులే, చుక్క కూడా రాలలేదు, మబ్బు అటే పోయింది అంది.

మార్చి 24, సోమవారం

పదో తరగతి లెక్కల పరీక్ష నేను లేకుండానే జరిగింది. పిల్లలు బాగా రాశారట.

మార్చి 27, గురువారం

పక్కింటి జైనాబీ రోజూ పొద్దున్నే వచ్చి చీర కట్టి, జడ వేసి వెళ్తోంది. మిషను కుట్టి బతికే మనిషి, చేతిలో పని నిలవ ఉన్నా వస్తోంది. నేను ఎడమ చేత్తో తినడం చూడలేక ఇడ్లీ తుంచి నోట్లో పెడుతోంది. రంజాన్ నెల, ఆమె రోజా ఉంది, పగలు మంచినీళ్ళు కూడా ముట్టదు. నీ ఎదురుగా తినడం నాకు బాగాలేదు జైనాబీ అంటే, ఆకలి నాది, నోరు నీది, తెరువు టీచరమ్మా అంది.

మధ్యలో కరుణాకర్ వచ్చి ఒక పూట ఉన్నాడు. నేను దువ్వుతానన్నాడు. బస్తా మూతి కుట్టినట్టు కుట్టాడు. ఇద్దరం నవ్వుకున్నాం. అతను వెళ్ళాక జైనాబీ వచ్చి మొత్తం విప్పి మళ్ళీ వేసింది.

అన్నీ చక్కగానే నడుస్తున్నాయి. ఇంత సాయం చేయించుకుంటున్నాను కాబట్టి నా సాధన కూడా నడుస్తున్నట్టే.

మార్చి 31, సోమవారం

రంజాన్. జైనాబీ సేమ్యా పాయసం తెచ్చింది. కూతురు సిద్దికాకి నెలలు నిండాయి, రేపు తాడేపల్లి వెళ్తున్నానని చెప్పింది. కాన్పయ్యి, పిల్లని ఎత్తుకుని, ఎప్పటికి వస్తుందో. మరి నీకెవరున్నారు అని అడిగింది. చూసుకుంటాలే అన్నాను.

రెబెకాని పిలువు అంది. రెబెకాకి కోతలు అన్నాను. కోతలు నాకు తెలియవా, పొద్దు వాలేసరికి ఇంట్లోనే ఉంటుంది కదా, అడిగితే చిన్నబోతావా అంది. నేను పాయసం బాగుందన్నాను.

ఏప్రిల్ 2, బుధవారం

చీర మానేశాను. నైటీ. తల పిచ్చుక గూడు. ఉపవాస కూటానికి వెళ్ళలేదు. సాయంత్రం అయ్యగారి భార్య నన్ను చూడడానికి వచ్చి తలుపు తట్టింది. లోపల ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. ఆమె కాసేపు నిలబడి వెళ్ళిపోయింది. గుమ్మంలో అరటిపళ్ళు పెట్టి వెళ్ళింది.

వెనక వరసలో కూర్చోవడం సులువే. నలిగిన నైటీతో తలుపు తీయడం నా వల్ల కాలేదు.

ఏప్రిల్ 3, గురువారం

చెయ్యి నొప్పి పుట్టినా ఇది మొత్తం రాయాలి.

పొద్దు వాలాక తలకి తువాలు చుట్టుకుని రెబెకా ఇంటికి వెళ్ళాను. ఊరి చివర ఇల్లు. కోతల ముఠా అప్పుడే వచ్చినట్టుంది, వీరమ్మగారు, ఇంకొందరు అరుగు మీద కూలబడి నీళ్ళు తాగుతున్నారు. వాళ్ళందరి ముందు, కొంచెం తల దువ్వుతావా రెబెకా అన్నాను. రెబెకా నా వంక చూసింది. కూర్చో వదినా అంది. పాట ఊసు ఎత్తలేదు. దువ్వెన, కొబ్బరినూనె తెచ్చి నా వెనక పీట వేసుకుంది.

చిక్కు తీయడం రెబెకాకి తెలుసు. కుదుళ్ళు పట్టుకుని చివర్ల నుంచి తీసింది. నొప్పి తెలియలేదు. నీకు దువ్వడం కంటే మా గేదెని కడగడం తేలిక వదినా, అది కుదురుగా నిలబడుద్ది అంది. అరుగు మీద వాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. జడ సగానికి వచ్చింది. నా ముఖం మీద నూనె, చెమట కారుతున్నాయి. రెబెకా ముందుకు వంగి అరచేత్తో నా ముఖం తుడిచింది.

పొద్దుటి నుంచి మిరపకాయ కోసిన చెయ్యి. కడుక్కున్నా ఆ ఘాటు పోదు. కళ్ళలో నిప్పులు పోసినట్టయింది. నేను అరిచాను. అరిచి ఊరుకుంటే బాగుండేది. చేతులు కడుక్కోవడం కూడా రాదా నీకు, ఇలాంటి చేతులతో మనిషి ముఖం ముట్టుకుంటారా అన్నాను. ఇంకా ఏదో అన్నాను. క్లాసులో అనే గొంతుతో అన్నాను.

అరుగు మీద నవ్వు ఆగిపోయింది. రెబెకా పీట మీద నుంచి లేచింది. పాలలో గుడ్డ ముంచి తెచ్చి నా కళ్ళ మీద వేసింది. తర్వాత లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. మంట తగ్గాక కళ్ళు తెరిస్తే అరుగు మీద వీరమ్మగారు తప్ప ఎవరూ లేరు. దాని వేళ్ళు చూశావా అమ్మా, పగిలి నెత్తురు కారతన్నయి, వాటికి రోజంతా ఆ మంటే అంది.

సగం జడతో ఇంటికి వచ్చాను.

ఏప్రిల్ 4, శుక్రవారం

జడ విప్పబుద్ధి కాలేదు. అలాగే ఉంది.

ఏప్రిల్ 6, ఆదివారం

సగం జడతోనే గుడికి వెళ్ళాను. పైకి నున్నగా అల్లి, కింద చీపురు. మొదట వెళ్ళకూడదనుకున్నాను. తర్వాత, చూస్తే చూస్తారు అనుకున్నాను. ఖాళీ ఉన్న చోట కూర్చున్నాను. అది ఎన్నో వరసో గుర్తులేదు. రెబెకా రాలేదు.

అయ్యగారితో జరిగింది చెప్పాను. ఆయన ఏదైనా వాక్యం చెబుతారనుకున్నాను. నలుగురిలో అన్నావు కదమ్మా, నలుగురిలోనే అడగాలి అన్నారు. అంతే.

ఏప్రిల్ 8, మంగళవారం

ఊరవతల చేలో చివరి కోత అని తెలిసి వెళ్ళాను. ఎండ మండిపోతోంది. చెట్లు వాడిపోయి, మిగిలిన కాయ అక్కడక్కడా ఎర్రగా ఉంది. ముఠా అంతా సాళ్ళలో వంగి ఉన్నారు. గట్టు మీద నిలబడి మాట్లాడదామనుకున్నాను. గట్టు మీద నుంచి అయితే పాఠం చెప్పినట్టే ఉంటుంది. సాలులోకి దిగి రెబెకా పక్కకి వెళ్ళాను. అందరికీ వినపడేలా, మొన్న నేను అన్నది తప్పు, నీ చేతుల్ని అనడం తప్పు, నన్ను క్షమించు రెబెకా అన్నాను.

రెబెకా కోస్తూనే ఉంది. సరేలే వదినా, కట్టుతో ఈ ఎండలో ఎందుకొచ్చావు అంది. నేను కదల్లేదు. ఇంకా ఏదో ఉందని తెలుస్తోంది. అప్పుడు ఆమె నడుము ఎత్తి నిలబడింది.

చేతుల మాట నేను ఆ రోజే మర్చిపోయా వదినా అంది. కళ్ళు మండినప్పుడు ఎవరైనా అరుస్తారు. పాట శాంతికి ఇచ్చావు చూడు, అది మర్చిపోలేదు. నన్ను ఒక్క మాట అడగబుద్ధి కాలేదా నీకు. నీకిష్టమా రెబెకా, పాడతావా అని. నువ్వే పాడుకున్నా నాకేం బాధ లేకపోను. వదులుకునేది కూడా నీ ఇష్టమొచ్చినట్టే వదులుకుని, పైగా చప్పట్లు కొట్టించుకున్నావు అంది.

ముఠాలో ఒక్కరూ తల ఎత్తలేదు. అందరూ వింటున్నారు.

నాకు చాలా జవాబులు వచ్చాయి. సొంతవాళ్ళకి ఇస్తే ఏమంటారో అన్నది నోటి దాకా వచ్చింది. అది చెప్పలేదు. నిజమే, అడగలేదు, అడిగితే నువ్వు పాడతానంటావని అడగలేదు, నీకు శృతి తప్పుతుంది అన్నాను.

తప్పుద్ది, అయితే ఏంది అంది రెబెకా.

వీరమ్మగారు ముందు నవ్వింది. తర్వాత సాళ్ళన్నీ నవ్వాయి. రెబెకా కూడా నవ్వు ఆపుకోలేకపోయింది. నాకు నవ్వుతోపాటు కళ్ళల్లో నీళ్ళు వచ్చాయి, ఈసారి మిరపకాయ లేకుండానే.

సాయంత్రం రెబెకా మా ఇంటికి వచ్చింది. చేతులకి నూనె, శనగపిండి పట్టించి, రెండు మూడుసార్లు కడిగి, నా ముక్కు దగ్గర పెట్టి చూసుకో అంది. పాత జడ మొత్తం విప్పింది. వేసే ముందు నేను ఆ చేతులు చూశాను. వేళ్ళ సందుల్లో పగుళ్ళు. ఇంట్లో ఉన్న ఆయింట్‌మెంట్ ఎడమ చేత్తో రాశాను. వంకరటింకరగా రాశాను. కదలకుండా కూర్చుంది.

ఏప్రిల్ 11, శుక్రవారం

క్వయర్ ప్రాక్టీసు. రెబెకా వచ్చింది. ఈస్టర్ పాట ఎవరు ఎత్తుకోవాలో ఈసారి మీరందరూ కలిసి తేల్చండి, నేను చెప్పను అన్నాను. మళ్ళీ నేనే శాంతి దగ్గర తీసుకుని రెబెకాకి ఇస్తే అది ఇంకో పెత్తనం.

తేల్చడానికి పొద్దుపోయింది. బల్లలు గుద్ది వాదించుకున్నారు. వీరమ్మగారు రెబెకా, శాంతి ఇద్దరి మీదా అరిచింది. నేను గోడకి ఆనుకుని కూర్చున్నాను. మాట్లాడకుండా ఉండడం ఇంత పని అని స్టాఫ్ మీటింగులో తెలియలేదు. చివరికి శాంతి, ఒక్కదాన్నే అంటే నాకు మొదటి నుంచీ కాళ్ళు వణుకుతున్నాయి టీచరుగారూ, మీరు పేరు చెప్పేశారని కాదనలేకపోయాను అంది. దాన్నీ అడగలేదు నేను.

రెబెకా, శాంతి కలిసి ఎత్తుకుంటారు. మిగతా వాళ్ళం వంత.

ఏప్రిల్ 13, మట్టలాదివారం

జైనాబీ ఫోన్ చేసింది. మనవరాలు. జడ ఎవరు వేస్తున్నారని అడిగింది. చెప్పాను. అడిగావా మరి అంది. అడిగానన్నాను. అట్టా ఉండాలి టీచరమ్మా అంది.

ఏప్రిల్ 18, గుడ్ ఫ్రైడే

సిలువ మీద పలికిన ఏడు మాటల మీద ఏడుగురు మాట్లాడతారు, ఈ సంవత్సరం నా వంతుకి దాహం మాట వచ్చింది. ఇదివరకు అయితే మాటలు పంచేటప్పుడు ఇది చిన్నదని పక్కన పెట్టేదాన్ని. లోకాన్ని చేసినవాడు కింద నిలబడ్డ సిపాయిలకి వినపడేలా దాహం అన్నాడు, అడిగాడు, ఇచ్చింది పుల్లగా ఉన్నా పుచ్చుకున్నాడు అని చెప్పాను. మిరప చేలో కోతకి వెళ్ళిన వాళ్ళందరికీ ఎండలో దాహం అంటే ఏమిటో తెలుసు, నేను వివరించక్కర్లేదు.

బాగా మాట్లాడాను. బాగా మాట్లాడాననే రాస్తున్నాను. బాగాలేదని రాస్తే అది తగ్గింపు కాదు, అబద్ధం.

ఏప్రిల్ 20, ఈస్టర్

తెల్లవారుజామున అందరం కొవ్వొత్తులతో సమాధుల దగ్గరికి వెళ్ళాం. వాటికి వేసిన కొత్త సున్నం వాసన. మా అత్తగారి సమాధి మీద రెబెకా బంతిపూలు పెట్టింది. తూర్పున ఎరుపు తేలుతుండగా అయ్యగారు పాట అన్నారు.

రెబెకా ఎత్తుకుంది. నేను భయపడినట్టే, ఆకాశంలో ఎత్తుకుంది. శాంతి అందుకోలేకపోయింది. రెండో పాదానికి ఇద్దరి గొంతులూ విడిపోయాయి. అందరూ నా వైపు చూశారు. సరైన శృతి నా గొంతులో సిద్ధంగా ఉంది. ఒక్క అక్షరం అంటే చాలు, పాట దారిలో పడుతుంది, మళ్ళీ నాది అవుతుంది.

పెదాలు బిగించాను. దేవా, రెబెకాకి దారి చూపించు అనుకున్నాను.

రెబెకా ఆగిపోయింది. చుట్టూ చూసింది. చాలా పైకి పోయా, మళ్ళీ మొదలుపెడదాం అంది, పొలంలో పక్క సాలు మనిషితో అన్నట్టు. సమాధుల మధ్య నవ్వులు. శాంతి చెయ్యి పట్టుకుని ఈసారి కింద నుంచి ఎత్తుకుంది. శాంతి గొంతు దాని పక్కన నిలబడింది. వంతకి మేమందరం కలిశాం. వీరమ్మగారు ఒక పక్క, కరుణాకర్ ఒక పక్క. పాట మధ్యలో నా గొంతు ఏదో నాకే తెలియలేదు. వెతుక్కోలేదు కూడా. పాడుతూ ఉండగా సూర్యుడు వచ్చాడు.

ఇన్నేళ్ళలో ఈ పాట ఇంత బాగా ఎప్పుడూ రాలేదు. నేను ఎత్తుకున్న ఏడాదులు కలిపి చెబుతున్నాను.

ఏప్రిల్ 26, శనివారం

కట్టు తీసేశారు. చెయ్యి సన్నగా, తెల్లగా, ఎవరిదో తెచ్చి అతికించినట్టుంది. ఇది కుడి చేత్తోనే రాస్తున్నాను.

సాయంత్రం రెబెకా దువ్వెన పట్టుకుని వచ్చింది. వేళ్ళు ఆడుతున్నాయా అని అడిగింది. ఆడుతున్నాయన్నాను.

వీపు తిప్పి కూర్చున్నాను.